రేకులు విప్పిన ఇల్లు

హవాయి దీవిలో మా పునా వైపు ఇల్లు కట్టుకోవడం ఒక పనే కాదు. కట్టిన ఇంటిని ఇల్లులా నిలబెట్టుకోవడం, అదీ పని. అగ్నిపర్వతం పొగలోని గంధకం మేకుల్ని తింటుంది, వాన గోడల్ని తింటుంది, ఆ రెండూ వదిలేసిన ముక్క చెదలకి. వారం రోజులు చెయ్యి దించామా, వంటగది కిటికీలోంచి అడవి ఫెర్న్ తొంగి చూస్తుంది. జాగా కొన్నామంటాం గానీ కొన్నది లావా గడ్డకట్టిన నల్లరాయి. ఒక అరటి పిలక పెట్టాలన్నా గునపంతో గుంట పొడిచి, లారీలో మన్ను తెప్పించి పోసుకోవాలి. హవాయి అంటే ఇసకలో పడుకుని కొబ్బరినీళ్ళు తాగడం అనుకునే మారాజులు ఒక్క శనివారం మా వీధికొచ్చి చూడాలి. గడ్డి కోసే మిషన్ల రొదలో మనిషి మాట మనిషికి వినబడదు.

ఆ వీధిలో అందరికంటే ముందు మిషన్ బయటికి తీసేది నోహేయా. బడి వంటశాలలో పిల్లలకి వండిపెట్టే మనిషి. యాభై దాటినా ఆవిడ గునపం పట్టిందంటే మగవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. ఇంటి ముందు పచ్చగా గరిక, నాలుగు మూలలా, చెడు రాకుండా కాపలాకని మావాళ్ళు నాటే వెడల్పాకుల కీ మొక్కలు, వెనక సీమపనస చెట్టు, చేమ మడి. ఎండుటాకు కనబడితే ప్రాణం ఊరుకోదు. "మా ఇంట్లోకి దుమ్ము కూడా చెప్పులు బయట విడిచే రావాలి" అని వీధంతా నవ్వేట్టు చెప్పేవాడు ఆవిడ మొగుడు వెండెల్. ఆయన వడ్రంగి. వెక్కిరిస్తాడే గానీ, ఆ ఇల్లు పునాది గుంజ నుంచి పైకప్పు దాకా ఆయన చేతి పనే.

కొండ రేగడానికి ముందేడు పాత రేకులు తుప్పుపట్టి జల్లెడైతే, వాటిని పీకేసి కొత్తవి వేశాడు. ఆకుపచ్చ రేకులు. ఒక్కడే ఎక్కి ఒక్కడే బిగించాడు. దిగాక మోకాలు పట్టుకుని చాన్నాళ్ళు కుంటుతూ నడిచాడు. "ఇదే నా ఆఖరి కప్పు నోహేయా. దీని కింద మనమిద్దరం ముసలాళ్ళం అయిపోవచ్చు" అన్నాడు. ఊరి కుళాయి మా దాకా రాదు. కప్పు మీద పడ్డ వానే గొట్టంలోంచి పెరటి తొట్టిలోకి దిగాలి, ఆ నీళ్ళే వంటకీ ఒంటికీ. అందుకని మా వైపు కప్పంటే తలమీద నీడ ఒక్కటే కాదు, మా నుయ్యి కూడా అదే.

అలాంటి ఇంటి మీదికి ఆ వేసవిలో అవ్వ బయల్దేరింది.

అవ్వంటే పెలే, అగ్నిపర్వతాల దేవత. కొండ ఆవిడది, నిప్పు ఆవిడది, మా కాళ్ళ కింద రాయీ ఆవిడదే. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని పెద్దావిడ అనో అవ్వ అనో అంటాం. పై వీధుల్లో నేల చీలి, ఎర్రటి లావా పైకి చిమ్మి, మెల్లగా పల్లానికి పాకడం మొదలెట్టగానే ఊరు ఖాళీ చెయ్యమన్నారు. నోహేయా, వెండెల్ పెట్టెలు సర్దుకుని హీలో పట్నం దారిలో వెండెల్ చెల్లెలు డోరీన్ ఇంటికి చేరారు. పగటి పూట మాత్రం కాసేపు లోపలికి వదిలేవారు, సామాన్లు తెచ్చుకోమని.

అందరూ సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్ళేవారు. నోహేయా గడ్డి కొయ్యడానికి వెళ్ళేది.

కొత్తవాళ్ళకి అది పిచ్చిలా ఉంటుంది. మావాళ్ళకి కాదు. అవ్వ వస్తోందంటే ఏడవకూడదు, తిట్టకూడదు, కాళ్ళు పట్టుకుని బతిమాలకూడదు. ఇల్లు తుడిచి, పెరడు బాగుచేసి, గడప దగ్గర పూలు పెట్టి, తలుపు తెరిచి తప్పుకోవాలి. ఇంటికొచ్చే పెద్దమనిషికి ఎవరైనా చేసేదే. అలా తుడిచిపెట్టిన ఇంటిని చూసి ఆవిడ పక్కకి తిరిగిపోయిన కథలు కూడా ఉన్నాయి. కానీ ఆ ఆశ పెట్టుకుని తుడిస్తే లెక్కలోకి రాదంటారు. నోహేయా అమ్మమ్మ మరీ మరీ చెప్పిన మాట అది. అందుకని ఆవిడ ఏ ఆశా లేనట్టే తుడిచేది. కానీ ఆశ ఉంది, బండెడు ఉంది. ఆ ఇల్లు పోతే తాను ఎవరో తనకే తెలియదన్నంత భయం కూడా ఉంది.

"మిషన్‌లో పెట్రోలు దండగ కదే" అన్నాడు వెండెల్ ఒక రోజు, ట్రక్కులోకి కుర్చీలెక్కిస్తూ.

"నీ పని నువ్వు చూసుకో."

"సాయంత్రానికి బూడిదయ్యేదానికి క్షవరం చేస్తున్నావు."

"నీ పెళ్ళికి క్షవరం చేయించుకోకుండా వచ్చావు. మా అమ్మమ్మ ఇప్పటికీ పైనుంచి తిట్టుకుంటోంది."

లావా అక్కడికింకా కనబడేది కాదు, చెట్ల వెనక నుంచి చప్పుడే వినబడేది, గాజు సీసాల బస్తాని ఎవరో ఈడ్చుకొస్తున్నట్టు. గాలికి అవ్వ జుట్టు కొట్టుకొచ్చి కప్పు మీద, గరిక మీద రాలేది. జుట్టంటే లావా చిమ్మినప్పుడు సాగిన గాజునూలు, బంగారు రంగులో వెంట్రుకంత సన్నం, చేత్తో రుద్దితే చర్మంలో దిగిపోతుంది. నీళ్ళలో పడకుండా తొట్టి గొట్టాన్ని నోహేయా మొదటిరోజే ఊడదీసింది. రోజూ నిచ్చెనేసుకుని రేకుల మీద జుట్టంతా తడిగుడ్డతో ఎత్తి, కీ ఆకులో పొట్లం కట్టి, సీమపనస చెట్టు మొదట్లో పెట్టేది. పైన లావా చూడ్డానికొచ్చిన యాత్రికుల హెలికాప్టర్లు తిరిగేవి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వీళ్ళు టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చేవారు.

కుర్చీలెక్కించాక వెండెల్ పెరటి గట్టు మీద కూర్చుండిపోయి పైకి చూస్తున్నాడు.

"ఏంటి చూస్తున్నావు?" అంది నోహేయా మిషన్ ఆపి.

"కప్పు."

"కప్పుకేమైంది?"

"ఏం కాలేదు. నిగనిగలాడుతోంది. అదే నా బాధ." అన్నాడు. "రేకులు విప్పేద్దాం."

ఆవిడ మిషన్ పిడి వదిలేసింది. మాట కటువుగా వచ్చింది. "పెద్దావిడ ఇంటికొస్తుంటే కూర్చోబోయే కుర్చీ లాగేస్తావా?"

"ఆవిడ రేకులేం చేసుకుంటుందే? కరగబెడుతుంది. అవే రేకులు డోరీన్ పెరట్లో నాలుగు గుంజల మీద పరిస్తే మనకి ఇల్లు. ఈ వయసులో మళ్ళీ కొనేదెవరు, మళ్ళీ ఎక్కేదెవరు?"

"ఇస్తే మొత్తం ఇవ్వాలి. సగం మనం నొక్కేసి సగం ఆవిడ ముందు పెట్టడం మా ఇంటావంటా లేదు."

"మీ ఇంట్లో మీ అమ్మమ్మది గడ్డి కప్పు. ఏ ఏటికాయేడు పోయేదే. దానికి దానం చెయ్యడం తేలిక."

"చచ్చిపోయినావిణ్ణి మధ్యలోకి లాగకు."

"నువ్వే లాగావు, ఇందాక."

కంచె అవతల నుంచి సెలెస్తీనో అన్న దగ్గాడు. పక్క ఇల్లు, పక్క బొప్పాయి తోట ఆయనది. కుర్రతనంలో ఫిలిప్పీన్స్ నుంచి చెరుకు పనికొచ్చి, పెళ్ళాం పోయాక ఆ బొప్పాయి చెట్లనే పిల్లల్లా పెంచుకుంటున్నాడు. "మీ ఇద్దరి పంచాయితీ తేలేలోపు ఆవిడే వచ్చి తీర్పు చెప్పేస్తుంది" అన్నాడు. "నా రేకులైతే తియ్యడానికీ పనికిరావు. మేకు ఊడబీకితే మేకుతో పాటు ఇల్లూ వచ్చేస్తుంది. పేదరికంలో ఇదో సుఖం."

ఎవరికీ నవ్వు రాలేదు. ఆయనకి కూడా.

అప్పుడే కాపలా జీపు వచ్చి ఆగింది. దిగినతను మా ఊరివాడే, బడిలో నోహేయా చేతి అన్నం తిన్నవాడు. టోపీ తీసి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఆంటీ, ఇదే నడక నడిస్తే రేపు పొద్దుగూకేలోపు మీ వీధిలోకొస్తుంది. రేపట్నుంచి ఎవర్నీ వదలరు. ఏమున్నా ఇవాళే."

జీపు వెళ్ళిపోయింది. వెండెల్ గట్టు మీంచి లేవలేదు. ఆ పెద్ద చేతులు రెండూ మోకాళ్ళ మీద ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాడు. "నాకింకేం చేతకాదు నోహేయా" అన్నాడు. "దాన్ని ఆపడం చేతకాదు. నీలాగా దండం పెట్టడమూ చేతకాదు. రేకులు విప్పడం ఒక్కటే చేతనవును."

ఆవిడ గుండె నీరైపోయింది. ఊరికే కూర్చుని చూడలేక మనిషి ఏదో ఒక పని పట్టుకుంటాడు. తనకి గడ్డి మిషన్, ఆయనకి రేకులు. ఆ క్షణంలో ఆవిడకి అమ్మమ్మ కంటే మొగుడే ముఖ్యమనిపించాడు.

"విప్పు" అంది.

వెండెల్ పైకెక్కాడు. సెలెస్తీనో అన్న కంచె దాటి వచ్చి కింద పట్టుకోవడానికి నిలబడ్డాడు. మర విప్పే మిషన్ చప్పుడు, ఆ తర్వాత రేకు వాసాల మీద జారే చప్పుడు. మా వైపు ఇళ్ళకి లోకప్పులుండవు. రేకు లేస్తే ఆకాశమే. ఒక్కో రేకు లేస్తుంటే గదుల్లో వెలుగు పలకలు పలకలుగా పడింది. ఇన్నేళ్ళుగా తుడుస్తున్న ఇంట్లో నోహేయాకి ఇంత దుమ్ము ఎప్పుడూ కనబడలేదు. దూలాల మీద, తలుపు పైచెక్క మీద, బీరువా నెత్తిన. చీకటి చాటున ఎన్నాళ్ళుగా దాక్కుందో అంతా. సిగ్గేసింది ఆవిడకి.

చీపురు పట్టుకుంది. దూలాలు తుడిచింది, గోడలు తుడిచింది, తొట్టిలో మిగిలిన నీళ్ళు బకెట్లతో మోసుకొచ్చి నేలంతా కడిగింది. పైనుంచి చెక్కపొట్టు రాలుతుంటే మళ్ళీ తుడిచింది. "కొంచెం చూసి విప్పు, కడిగిన చోట పడుతోంది" అని అరిచింది. పైనుంచి వెండెల్ తల వంచి చూశాడు. కప్పు లేని ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తున్న పెళ్ళాన్ని చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చెమటే అని నోహేయా అనుకుంది, అనుకోవడమే మంచిదని.

పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది. రెండు చలికాలాలు కూర్చుని చేత్తో కుట్టింది, తెల్లటి గుడ్డ మీద సీమపనస ఆకులు.

"అది పట్టుకుపోదామే" అన్నాడు వెండెల్ కిందికి దిగి.

"నీ రేకులు నువ్వు తీసుకున్నావు. నా దుప్పటి నేనిచ్చుకుంటాను. ఇంటికొచ్చేవాళ్ళకి పాతది వేస్తామా?"

గడప దగ్గర పూలు పెట్టింది. తలుపులు బార్లా తీసింది. రేకులు ట్రక్కు మీద తాళ్ళతో కట్టారు. సెలెస్తీనో అన్న తన ఇంటికి తాళం వేసి, తాళంచెవి తలుపుకే వదిలేసి, ఒక సంచీ బొప్పాయిలతో వాళ్ళ పక్కన కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా ముగ్గురూ వెనక్కి చూడలేదు.

మర్నాడు డోరీన్ ఇంట్లో పొద్దున్నించీ అందరూ ఫోన్ల చుట్టూనే ఉన్నారు. అన్నం ఎవరూ ముట్టలేదు. పొద్దు వాలుతుండగా డోరీన్ ఫోను పట్టుకుని వంటింట్లోంచి పరుగున వచ్చింది, ఏడుస్తూ నవ్వుతూ. "వదినా, తిరిగిపోయింది. మీ ఇంటి దాకా వచ్చి తిరిగిపోయింది. సెలెస్తీనో అన్న తోట మీంచి పోయిందట, పాపం ఆయనకి ఏమీ మిగల్లేదు. అటు రోడ్డు, ఇటు రోడ్డు పోయాయి, మీ జాగా మటుకు నడిమధ్యన పచ్చగా ఉందట."

నోహేయా గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి వదిలేలోపు ఉన్న సంతోషమే సంతోషం. బతికింది నా ఇల్లు అనుకుంది, అవ్వ చూసింది అనుకుంది. మెడ తిప్పి మొగుడి వంక చూసింది. వెండెల్ కిటికీలోంచి గరాజు గోడకి ఆనించిన ఆకుపచ్చ రేకుల దొంతర వంక చూస్తున్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది.

ఎవరో డ్రోన్ ఎగరేసి తీసిన ఫోటో ఊరందరి ఫోన్లలో తిరిగింది. చుట్టూ ఎటు చూసినా బొగ్గులాంటి నల్లరాయి, మధ్యలో అరచేతి మేర పచ్చదనం, అందులో ఇల్లు. పైనుంచి తీశారు కదా, కప్పు లేదు కదా, ఇంట్లో అన్నీ కనిపిస్తున్నాయి. వంటగది గట్టు, బల్ల, మంచం, మంచం మీద ముడతైనా లేకుండా పరిచిన దుప్పటి. చిన్నపిల్లలు ఆడుకునే బొమ్మరిల్లు మూత తీసి చూసినట్టు ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్ళంతా ఆ దుప్పటి బాగుందని కింద రాశారు.

పరామర్శలు మొదలయ్యాయి. దారిన పోయే ప్రతివాళ్ళూ నోహేయా చేతులు పట్టుకుని "అదృష్టవంతురాలివి" అన్నారు. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నావో అవ్వకి తెలియదా" అన్నారు. ఇళ్ళు పోయినవాళ్ళ ముందు ఇల్లు మిగిలినావిడ ఏమని ఏడుస్తుంది? కక్కలేక మింగలేక నవ్వేది. సెలెస్తీనో అన్న కూడా వచ్చాడు. ఇల్లు, తోట, తోటలో పెళ్ళాం సమాధి, మూడూ పోయిన మనిషి. "మీదైనా మిగిలింది తల్లీ. నాకదే చాలు" అన్నాడు మనస్ఫూర్తిగా. ఆయన ముందు కప్పు మాట ఎత్తడానికి ఆవిడకి నోరు రాలేదు. ఆ రేకులు కింద నిలబడి పట్టుకున్నది ఆయనే మరి. ఆయనా ఆ మాట ఎత్తలేదు.

ఒక్క రోజు. ఒక్క రోజు ఆగి ఉంటే. ఆ మాట ఇద్దరి నాలుకల మీదా ఉంది, ఇద్దరూ దాన్ని పంటి కింద పట్టి ఉంచారు. నోహేయాకి మొగుడి మీద కోపమొచ్చేది. అన్నం వడ్డిస్తూ గరిటె కంచానికేసి కొట్టేంత కోపం. 'విప్పు' అన్నది తానే అని గుర్తొచ్చి ఆ కోపం తన మీదికే తిరిగేది. ఇంకో ఆలోచన దానికంటే చెడ్డది. అవ్వ నిజంగా గడప దాకా వచ్చిందేమో. వచ్చి, పైన కప్పు లేని ఇంటిని చూసి, ఇది ఎవరో తినేసిన ఎంగిలి విస్తరి, నాకెందుకు వడ్డించారు అని ముట్టకుండా పోయిందేమో. కరుణించి వదల్లేదు, అసహ్యించుకుని వదిలేసింది. ఈ ఆలోచన ఆవిడ ఎవరితోనూ అనలేదు.

రాయి పైన చల్లబడినట్టు కనబడగానే, టార్పాలిన్ చుట్టలు రెండు భుజానేసుకుని, వెండెల్ అడవి దారిన బయల్దేరాడు. నోహేయా తాళ్ళు పట్టుకుని వెనకే వెళ్ళింది. ఓహియా చెట్ల మధ్య నుంచి లావా అంచుకి చేరేసరికి ఇల్లు కనబడింది. దూరం కూడా కాదు. కేక వేస్తే వినబడేంత. దూలాలు బొమికల్లా పైకి నిలబడి ఉన్నాయి. మూలన కీ మొక్కలు గాలికి ఊగుతున్నాయి. తను కోసిన గరిక అప్పుడే మోకాలెత్తు లేచింది.

వెండెల్ రాయి మీద కాలు పెట్టాడు. కొంత దూరం వెళ్ళాడు, ఒక్కో అడుగూ కర్రతో తడుముకుంటూ. పగుళ్ళలోంచి ఆవిరి బుసలు కొడుతోంది. ఇంకో నాలుగడుగులేసి ఆగాడు. వంగి కాలు ఎత్తి చూసుకున్నాడు. బూటు అడుగు మెత్తబడి జిగురులా సాగుతోంది. అయినా ఇంకో అడుగు వేశాడు.

"వెండెల్, వచ్చెయ్" అంది నోహేయా.

ఆయన వినలేదు.

"ఇల్లు పోతే పోయింది. నువ్వు కూడా పోతే నేనెక్కడికి పోను? వచ్చెయ్యవయ్యా."

వెనక్కొచ్చాడు. అంచున కూర్చుని బూట్లు విప్పితే అరికాళ్ళు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. టార్పాలిన్ చుట్టలు పక్కనే ఉన్నాయి. ఎదురుగా ఇల్లు ఉంది. మధ్యలో రాయి. ఆ రాయి లోపల చల్లబడటానికి నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు, ఎవరూ చెప్పలేరు. వానకి అంతసేపు పట్టదు.

పట్టలేదు కూడా. ఆ వారమే మొదలైంది. మా వైపు వానంటే ఆగి ఆలోచించే వాన కాదు, పడటం మొదలెడితే లోకం తడిసేదాకా పడుతుంది. డోరీన్‌దీ తొట్టి నీళ్ళ కాపురమే. అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి పోయి, "హమ్మయ్య, తొట్టి నిండుతుంది" అంది. అన్నాక నాలిక్కరుచుకుంది. పుట్టినప్పట్నుంచీ వాన చప్పుడు వింటే కడుపు నిండేది నోహేయాకి. ఇప్పుడు ప్రతి చినుకూ తన మంచం మీద పడుతున్నట్టే వినబడింది. పరుపు, చెక్క గోడలు, నేల పలకలు, బీరువాలో బట్టలు. చెక్క ఎప్పుడు ఉబ్బుతుందో, బూజు ఏ మూల మొదలౌతుందో ఆవిడకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఇన్నేళ్ళు దాన్ని ఆపడమే కదా ఆవిడ బతుకు. వెండెల్ దుప్పటి ముసుగు తన్ని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వైపు గోడ అవతలే రేకులున్నాయి. వాన వాటి మీద పడి టంగుటంగుమంటోంది.

కొత్త ఫోటోలు వచ్చేవి. గోడలకి నల్లటి మచ్చలు. నేల మధ్యలో మడుగు. దుప్పటి తెలుపు పోయి ఆకుపచ్చైంది. తర్వాతి ఫోటోలో మంచం కాళ్ళ దగ్గర ఫెర్న్ చిగురు. డోరీన్ ఫోను దాచేసేది. నోహేయా వెతికి తీసి చూసేది. చూసి చీపురు పట్టుకుని డోరీన్ ఇల్లు ఊడ్చేది, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. "వదినా, ఇంక నేల అరిగిపోతుంది, కూర్చో" అని డోరీన్ చీపురు లాక్కుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయేది.

కొన్నాళ్ళకి కొండ చల్లబడింది. పై వీధుల్లో పొగ తగ్గింది, ఎరుపు ఆరింది, ఇంక అయిపోయిందన్నారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు అందరూ కలిసి చర్చి ఆవరణలో పందిరేసి విందు పెట్టుకున్నారు. పంది మాంసం, పోయి అనే చేమదుంప ముద్ద, చేపలు, సెలెస్తీనో అన్న ఎక్కడో సంపాదించిన బొప్పాయిలు. సన్నగా వాన పడుతోంది. పందిరి కింద నవ్వులు, ఏడుపులు, పిల్లల అల్లరి. నోహేయా, వెండెల్ ఒక చివర కూర్చున్నారు.

తినబోయే ముందు ప్రార్థన చెప్పాలి. పాస్టరు లేచి అందరి వంకా చూసి, "ఇవాళ నేను కాదు. నోహేయా చెప్పాలి" అన్నాడు. "వీధి వీధంతా పోతే ఆ ఒక్క ఇల్లు నిలిచింది. కృతజ్ఞత చెప్పడానికి ఆవిడకంటే ఎవరున్నారు?"

"అవును, నోహేయా ఆంటీ" అన్నారు అందరూ. చప్పట్లు కొట్టారు. సెలెస్తీనో అన్న ఆవిడ మోచెయ్యి పట్టి మెల్లగా లేపాడు. వెండెల్ కూడా లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

అందరూ తలలు వంచారు. పందిరి గుడ్డ మీద వాన. నోహేయా కళ్ళు మూసుకుంది. దేవుడికి చెప్పాల్సిన మాటలు వెతికింది, ఒక్కటీ రాలేదు. ఆ ఇల్లు కనబడింది, నిలబడి ఉండి, కుళ్ళిపోతూ, తలుపులు బార్లా తెరుచుకుని. దాన్ని బాగుచెయ్యడానికి తాను లేదు. చావడానికి దానికి నిప్పూ లేదు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాత హవాయి మాటల్లో, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పుకుంది. ఆ మాటలిప్పుడు ఊళ్ళో నలుగురికి కూడా సరిగ్గా రావు. పక్కనున్న వెండెల్‌కి కొంచెం కొంచెం వచ్చు.

"అవ్వా, తప్పైపోయింది. వెనక్కి రా. వచ్చి దాన్ని తీసుకుపో. నేను చూడలేకపోతున్నాను."

వెండెల్ ఆవిడ చేతిని వదల్లేదు. తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"ఆమెన్" అన్నారు పందిరి కింద అందరూ. అందరికంటే గట్టిగా అన్నది సెలెస్తీనో అన్న.